పడుగు దిగిన నాటి లెక్క

మగ్గమున్న ఇంటికి డబ్బు నెలవారీగా రాదు. పడుగు దిగి, గుడ్డ కోసి, షావుకారుకు గాని సొసైటీకి గాని అప్పజెప్పిన నాడు వస్తుంది. ఖర్చు మాత్రము ప్రతి పొద్దూ ఉంటుంది. బడి పంతులుకు, ఆఫీసు జవానుకు ఒకటో తారీఖు ఉన్నట్లు మనకు లేదు. అయినను ఇంటి ఖర్చును గురించి ఎవరు బోధించినా నెల పట్టీ వ్రాయమనే చెప్తారు. ఆ పట్టీ మన ఇండ్లలో రెండు నెలలు కూడా నిలువదు. అది మన సోమరితనము కాదు. కొలత మనది కాదు, అంతే. నేతగాని ఇంటికి కొలత పడుగు. లెక్క పడుగుకు ఒకసారి వ్రాయవలెను.

ఆష్టి మొదలు సిరోంచ దాకా ఉన్న మన తెలుగు కుటుంబములకు ఈ మాట మరింత వర్తిస్తుంది. ఆష్టి వైనగంగ ఒడ్డున ఉన్నది. దానికి దిగువన చప్రాల వద్ద వార్ధా వచ్చి కలిసి ప్రాణహిత అవుతుంది. ఆ ప్రాణహిత సిరోంచ దగ్గర, కాళేశ్వరమునకు ఎదురుగా, గోదావరిలో పడుతుంది. ఇన్ని నదుల నడుమ కాపురము గనుక వానకాలము మనకు ఒక్క పొలము పని కాలమే కాదు, చేతిలో రూకలాడని కాలము కూడా. గంజి పెట్టిన పడుగు ఆరదు. వీధిలో చాచడానికి వీలుండదు. గుంట మగ్గమైతే గుంటలో చెమ్మ ఊరుతుంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలము వద్ద 71 అడుగులు దాటిన వరదలో సిరోంచ తాలూకా పల్లెలు ఊళ్లు విడిచి పోవలసి వచ్చిన సంగతి మరువరానిది. అంత వరద ఏటేటా రాదు. కాని ఆషాఢ శ్రావణములలో మగ్గము మందగించడము ఏటేటా ఉన్నదే. పిల్లల పుస్తకములు, బోనాలు, బతుకమ్మ, దసరా అన్నీ సరిగ్గా అప్పుడే వరుసగా వస్తవి. మన అప్పులలో చాలా భాగము పుట్టేది ఈ నాలుగు నెలలలోనే.

ఒక ఇంటిని ఊహించి లెక్క వేద్దాము. ఇరవై రోజులకు ఒక పడుగు, పడుగుకు ఐదు చీరలు, చీరకు 1,600 చొప్పున కూలి 8,000 రూపాయలు అనుకోండి. ఎండ కాసే ఎనిమిది నెలలలో పన్నెండు పడుగులు దిగుతవి. వానల నాలుగు నెలలలో ఆరు దిగవలసిన చోట మూడే దిగినవి. తగ్గిన కూలి 24,000. ఈ 24,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 720, ఏడాదికి 8,640. అనగా ఏడాదిలో ఒక పడుగు మొదటి పోగు నుండి చివరి పోగు దాకా వడ్డీ కోసమే నేసినట్లు. అసలు అట్లే ఉంటుంది. మరుసటి ఆషాఢము మళ్లీ వస్తుంది.

“మా షావుకారు వడ్డీ తీసుకోడు, బాకీ ఇస్తాడు” అనేవారు ఉన్నారు. ఆ బాకీకి కూడా ఒక లెక్క ఉన్నది. బాకీ ఉన్నవాడు గిట్టుబాటు కూలి అడుగలేడు, మరొకరి నూలు పట్టలేడు. పై ఇంటిలోనే, బాకీ కారణముగా చీరకు వంద రూపాయలు తక్కువ ముట్టినదనుకోండి. ఏడాదికి పదిహేను పడుగులు, డెబ్బదైదు చీరలు, 7,500 రూపాయలు. 24,000 బాకీ మీద ఇది నూటికి నెలకు రెండు రూపాయల అరవై పైసల వడ్డీ అయినది. వడ్డీ అన్న పేరు మాత్రము లేదు. షావుకార్లందరూ చెడ్డవారని చెప్పడము ఇక్కడి ఉద్దేశము కాదు. కష్టకాలములో పిలిస్తే పలికేది వారే. కాని బాకీ తీసుకొనే ముందు ఇంటిల్లిపాది కూర్చుండి ఈ గుణకారము ఒక్కసారి చేసుకోవడములో తప్పు లేదు.

దీనికి విరుగుడు ఏమి? కూలి ముట్టిన చోటనే కొంత తీసి పక్కన పెట్టడము. ఇల్లు చేరిన తరువాత మిగిలినది దాచుదామంటే మిగలదు. ప్రాణహితకు ఆవలి ఒడ్డున తెలంగాణ ప్రభుత్వము 2017 జూన్‌లో పోచంపల్లిలో ప్రారంభించిన “నేతన్నకు చేయూత” పథకము ఈ సూత్రము మీదనే నడిచింది. చేనేత కార్మికుడు కూలిలో నూటికి 8 వంతున ఖాతాలో వేస్తే ప్రభుత్వము 16 వంతున కలిపింది. మూడేండ్ల దాకా తీయరాదన్న నిబంధన పెట్టారు. మహారాష్ట్రలో ఉన్న మనకు ఆ పదహారు రాదు. అయినా ఎనిమిది తీసిపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గదా. పడుగుకు 640 చొప్పున పన్నెండు పడుగులకు 7,680 అవుతుంది. వానకాలపు లోటు 24,000లో ఇది మూడవ వంతు కూడా కాదు. నిజమే. కాని అప్పు 16,320కి దిగుతుంది. మూడు రూపాయల వడ్డీ చొప్పుననే చూచినా ఏడాదికి సుమారు 2,760 ఇంట మిగులుతుంది. రెండవ ఏడు ఆ మిగులు కూడా కలుస్తుంది.

మిగిలిన అప్పు ఎక్కడ తేవలెనన్నది మన ఆడవారిని అడుగవలెను. వారికి బచత్ గట్ ఉన్నది. మహిళా సంఘములకు మూడు లక్షల దాకా బ్యాంకు అప్పు 7 శాతముకు దొరికే ఏర్పాటు కేంద్ర పథకములో ఉన్నది. గట్ తన సభ్యులకు నూటికి రూపాయి చొప్పున ఇచ్చుకొన్నా, 24,000 మీద ఏడాదికి 2,880. పైన చూచిన 8,640 పక్కన పెట్టి చూడండి. పైగా ఆ వడ్డీ గట్‌లోనే ఉంటుంది. కండెలు చుట్టే చేతికి కూలి పట్టీలో పేరు లేకపోయినా, బ్యాంకు పుస్తకములో పేరున్నది. ఇంటి పట్టీ కూడా ఆమె చేతిలోనే ఉండడము మేలు. పిల్లలు మరాఠీ బడిలో చదివి అంకెలు నాగరి లిపిలో వేస్తారని కొందరు పెద్దలు నొచ్చుకొంటారు. వేయనీయండి, కూడిక తప్పనంత వరకు ఏ అంకె అయినా ఒకటే.

భీశీ సంగతి వేరు. తెలిసిన పదిమంది వేసుకొనే చిన్న భీశీలో పెద్ద చిక్కు లేదు. రిజిస్ట్రేషను లేని పెద్ద చిట్టీలో మాత్రము కష్టార్జితము పోయవద్దు.

ఖర్చు వైపు చెప్పవలసినవి కొద్ది. మోటారు సైకిలుకు, ఫోనుకు తీసుకొనే నెల కిస్తీ మనకు సరిపడదు. కిస్తీకి తారీఖు ఉన్నది, పడుగుకు లేదు. రెండింటి నడుమ దండుగ కట్టేది మనము. కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టి చిన్న చిన్న పొట్లములు తెచ్చే బదులు, పడుగు దిగిన నాడే నూనె, పప్పు ఇరవై రోజులకు సరిపడ తెచ్చుకొంటే ధరలోనూ, కొట్టువాని ముందు మాటలోనూ తేడా కనిపిస్తుంది. తునికాకుకు పోయే ఇండ్లలో వేసవిలో ఒక్కసారిగా వచ్చే ఆ పైకమును వానకాలపు గింజలకే కేటాయించవలెను. దానితో పెండ్లి బట్టలు కొనరాదు.

పట్టీలో ఎవరూ వ్రాయని ఖర్చు ఒకటున్నది. గడ్చిరోలి జిల్లాలో 1993లో మద్యనిషేధము వచ్చింది. దానికోసము ఊరూర పోరాడినవారిలో ఆడవారే ముందున్నారు. వైనగంగ ఆవల చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టిన నిషేధమును 2021లో ఎత్తివేశారు. వంతెన దాటే ఖర్చు ఎంతో, దాటేవానికి తెలుసు. దానిని కూడా పట్టీలో ఒక వరుసగా వ్రాయమని ఇంటివారు అడుగవచ్చును. పేరు వ్రాయనక్కరలేదు, అంకె చాలు.

ఇక మే నెల చివరి వారములో ఒక చిన్న పని. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు 436, సురక్షా బీమాకు 20, రెండూ కలిపి 456 రూపాయలు బ్యాంకువారు జూన్ ఒకటికి ముందు ఖాతాలో నుండి తీసుకొంటారు. మొదటిది 18 నుండి 50 ఏండ్ల లోపు చేరినవారికి, రెండవది 70 ఏండ్ల దాకా. మరణమునకు మొదటిదానిలో రెండు లక్షలు, ప్రమాద మరణమునకు రెండవదానిలో మరి రెండు లక్షలు. ఖాతాలో ఆ రోజు అంత పైకము లేకపోతే బీమా ఆగిపోతుంది. వేసవిలో దిగే చివరి పడుగు కూలిలో నుండి ఈ 456 ముందుగా ఖాతాలో వేసి, పుస్తకములో అచ్చు వేయించుకొని రండి.