పిన్ను దూరితే చాలదు

హోసూరులోని మూకండపల్లి వాళ్లకు బండ్ల తయారీ కొత్త సంగతేమీ కాదు. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో హోసూరు నుంచే వచ్చింది. ఇప్పుడు టీవీఎస్ ఐక్యూబ్, ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్లూ హోసూరులోనే తయారవుతున్నాయి. ఓలా ఫ్యాక్టరీ ఇదే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఉంది. బండి కొత్తదే గానీ, రాత్రిపూట దానికి కరెంటు ఎక్కించే బోర్డు చాలా ఇళ్లలో ట్యూబులైటుకూ ఫ్యానుకూ బిగించిన పాతదే. లావు పిన్నులు అందులో దూరకపోతే కొట్లో కన్వర్షన్ ప్లగ్ దొరుకుతుంది. ఆ ప్లగ్ పిన్నుల సైజును మారుస్తుందే తప్ప గోడలో ఉన్న తీగ బలాన్ని పెంచదు. అమెరికాలో ఇల్లులాంటి మోటర్‌హోమ్‌లు నడిపేవాళ్లకూ ఇదే లెక్క. 50 యాంపియర్ల బండిని అడాప్టర్ పెట్టి 120 వోల్టుల, 30 యాంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే వచ్చేది 3,600 వాట్లే, అంతకు మించి రాదు.

చాలా స్కూటర్ల ఇంటి చార్జర్లు 1,000 వాట్ల లోపువి. మన 230 వోల్టుల మీద అవి నాలుగు యాంపియర్లకు అటూఇటూగా లాగుతాయి కాబట్టి, బిగువుగా ఉన్న మంచి 6 యాంపియర్ల సాకెట్ వాటికి సరిపోతుంది. చిక్కంతా ఎలక్ట్రిక్ కారుతోనే. సుమారు 3,300 వాట్ల చార్జర్ 14 యాంపియర్లకు పైగా లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6 యాంపియర్ల చోట 15 పారితే వేడి ఆరు రెట్లు దాటుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో చేసిన పది మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరులో 15 యాంపియర్లు పారితే 110 వాట్లకు పైగా ఆ వైరులోనే వేడిగా పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగైతే ఆ నష్టం 36 వాట్ల దగ్గర ఆగుతుంది. పైగా వైరును చుట్టగా ఉంచితే ఆ వేడికి బయటికి పోయే దారే ఉండదు.

ఇస్త్రీపెట్టె అదే బోర్డు మీద ఏళ్లుగా నడుస్తోంది కదా అంటారు. ఇస్త్రీపెట్టె వేడెక్కాక మధ్యమధ్య ఆగుతుంది, ఇస్త్రీ అయిపోగానే తీసేస్తాం. కారు చార్జింగ్ గంటల తరబడి, అందరూ నిద్రలో ఉండగా సాగుతుంది. కరెంటు మించితే ఎంసీబీ పడిపోతుందిలే అన్న ధీమా ఇంకా ప్రమాదం. ఎంసీబీ చూసేది కరెంటునే. సాకెట్‌లో పిన్ను వదులై అక్కడ ప్లాస్టిక్ కరుగుతున్నా కరెంటు పెరగదు, ఎంసీబీ కదలదు. ఎర్త్ లేని రెండు పిన్నుల అడాప్టర్‌తోనూ కొన్ని చార్జర్లు పనిచేస్తాయి, నిజమే. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే బండి లోహపు భాగాల్లోకి వచ్చిన కరెంటు, తాకిన మనిషి ఒంట్లోంచి నేలకు దిగుతుంది.

అద్దె ఇంట్లో కొత్త లైను వేయించుకోవడం ఖర్చుతో పాటు ఇంటి ఓనరును ఒప్పించాల్సిన పని అని తెలుసు. అయినా కారు కొంటున్నవాళ్లు మీటరు నుంచి 16 యాంపియర్ల సాకెట్‌కు విడిగా లైను, సరైన ఎర్త్, కరెంటు నేలకు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ వేయించుకోండి. స్కూటర్ ఉన్నవాళ్లు ఇవాళ రాత్రి చార్జింగ్ పెట్టిన అరగంటకు ప్లగ్ పైభాగాన్ని పొడి చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మెయిన్ ఆపి, ఆ సాకెట్ మార్పించేదాకా దాన్ని వాడకండి.