గుండె జబ్బు కాలేయాన్ని తాకితే

ఇంట్లో ఎవరికైనా పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, కళ్లు పచ్చబడితే "లివరు చెడింది" అనుకొని పసరు మందుకు పరుగెత్తేవారు మన పల్లెల్లో చాలామంది. కాని కొందరిలో అసలు జబ్బు గుండెలో ఉంటుంది.

పెద్దవారి కాలేయం సుమారు ఒకటిన్నర కిలో బరువుంటుంది. గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు దీని గుండా ప్రవహించి, తిరిగి గుండె కుడి భాగానికి చేరాలి. ఆ భాగం బలహీనపడితే, మురుగు కాలువ పూడినప్పుడు ఎగువ చేలో నీరు నిలిచినట్లు, రక్తం కాలేయంలో నిలిచిపోతుంది. అప్పుడు కాలేయం ఉబ్బుతుంది. కుడి డొక్కలో బరువు, నొప్పి కలుగుతాయి, ఆకలి మందగిస్తుంది, పొట్టలో నీరు చేరుతుంది.

చిన్నతనంలో కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవారికి ఈ స్థితి రావచ్చు. క్షయ సోకి గుండె చుట్టూ ఉన్న పొర గట్టిపడినవారికీ రావచ్చు. ఈ రెండవ జబ్బులో కాళ్ల వాపు కంటె పొట్ట వాపే ఎక్కువగా కనిపించి, అచ్చం లివరు జబ్బులా మోసగిస్తుంది. మెడ నరాలు ఉబ్బి ఉండటం గుండె వైపు చూపే ముఖ్యమైన గుర్తు. గుండెకు ఎకో పరీక్ష చేస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది. సకాలంలో ఆపరేషన్ చేసి గట్టిపడిన పొరను తీసివేస్తే అనేకులు కోలుకుంటారు.

కాలేయం చెడితే గుండెకూ కష్టమే. సిర్రోసిస్ ముదిరినవారిలో రక్తనాళాలు వదులై, గుండె ఎక్కువ పనిచేయవలసి వస్తుంది. పైకి బాగానే ఉన్నా, తీవ్రమైన జ్వరమో ఆపరేషనో వచ్చినప్పుడు అది తట్టుకోలేకపోవచ్చు. కాలేయానికి కొవ్వు పట్టినవారిలో లివరు జబ్బుకంటె గుండె జబ్బుతో మరణించేవారే ఎక్కువ. ఇక సారా ఈ రెండు అవయవాలనూ పాడుచేస్తుంది.

కాబట్టి పొట్టకో, కాళ్లకో నీరు పడితే కాలేయంతోపాటు గుండెనూ పరీక్షించమని డాక్టరుగారిని అడగండి. ఊరగాయ, అప్పడం, ఉప్పు చేప తగ్గించండి. రోజూ ఉదయాన్నే బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నదని గ్రహించండి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు సొంతంగా కొని మింగవద్దు. అవి ఒంట్లో ఉప్పును, నీటిని నిలుపుతాయి. ఆయాసం, రక్తపు వాంతి, నల్లని విరేచనం, మగత కనబడితే తెల్లవారేదాకా ఆగక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.