ఆకు రాల్చితే చచ్చిపోయినట్టు కాదు!
- నీడ పడిన పెరట్లోనూ పూల పొదలు
- మోడని పీకేసే ముందు గోటితో గీకి చూడండి

హోసూరు: పక్క స్థలంలో మూడంతస్తులు లేచాయి. పెరట్లో ఎండ పోయింది. ఏళ్లుగా పూసిన రోజా మొగ్గ వేయడం మానేసింది. బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయ్యింది. ఊరు పెరిగేకొద్దీ తరాలుగా ఇక్కడున్న తెలుగువారి ఇళ్లలో పెరడు చిక్కిపోతూ వచ్చింది.

హోసూరు రోజాలు విదేశాలకూ వెళ్తాయి, నిజమే. అయితే రోజాకు రోజూ ఆరు గంటల ఎండ ఉండాల్సిందే. నీడలో ఎరువు మీద ఎరువు వేస్తే ఆకు పెరుగుతుంది గానీ పువ్వు రాదు. అలాంటి చోట పూసే పొదలు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని ఏటా ఆకు రాలుస్తాయి. చిక్కంతా అక్కడే. మోడులా కనిపించగానే 'పోయిందిలే' అని పీకేస్తున్నారు.

కొమ్మ మీద గోటితో కాస్త గీకితే సంగతి తెలిసిపోతుంది. బెరడు కింద పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ ఎండినట్టే. అప్పుడు ఇంకాస్త కిందికి గీకి చూడాలి. ఆకు లేని రోజుల్లో నీళ్లు తగ్గించాలి. పాపం ఎండిపోతోందని బిందెలకొద్దీ పోస్తే వేరు కుళ్లి, అప్పుడు నిజంగానే చస్తుంది.

పొద్దుటి ఎండ చాలు
తమిళులు పవళమల్లి అంటారు, మనకు పారిజాతం. పొద్దుటి ఎండ నాలుగు గంటలు తగిలితే చాలు, తక్కిన పొద్దంతా నీడైనా ఫర్వాలేదు. వానల చివర్లో పూత మొదలై చలికాలం దాకా సాగుతుంది. రాత్రి విచ్చి తెల్లారేసరికి నేల మీద రాలతాయి. రాలిన పువ్వు పూజకు పనికిరాదనే ఇళ్లలోనూ దీనికి మినహాయింపు ఉంది. పూత అయ్యాక ఆకు రాల్చుతుంది. కత్తిరించాల్సింది అప్పుడే.

హైడ్రేంజియా సంగతి వేరు. చాలా రకాలు నిరుటి కొమ్మ మీదే పూస్తాయి. చలికాలంలో శుభ్రం చేద్దామని కత్తెర పెడితే ఆ ఏడు పువ్వులు పోయినట్టే. పూత అయిన వెంటనే వాడిన గుత్తులు తీసేసి ఊరుకోవాలి. పుల్లమట్టిలో నీలంగా, సున్నపు మట్టిలో గులాబీగా పూస్తుంది. కుండీలో నీలం పువ్వు చూసి తెచ్చుకుంటే ఇంటి దగ్గర రంగు మారడం మోసమేమీ కాదు, మట్టి మహిమ.

ఊదాగా విచ్చి మూడు రోజుల్లో తెల్లబడే బ్రన్‌ఫెల్సియా కూడా సగం నీడకు సరిపోతుంది. కానీ చెట్టంతా విషమే, కాయలూ గింజలూ మరీనూ. పసిపిల్లలు, కుక్కలు ఉన్న ఇళ్లలో వద్దు.

ఆకు రాల్చే గొడవే వద్దనుకుంటే కనకాంబరం ఉంది. తమిళంలోనూ కన్నడంలోనూ దాదాపు అదే పేరు. కొబ్బరి చెట్ల పలచని నీడలో బాగా వస్తుంది. మొదలుకు ఆరడుగులు వదిలి నాటాలి. నీరు నిలిస్తే మాత్రం బతకదు. ఢిల్లీ కనకాంబరానికి గింజలు రావు, కొమ్మలే నాటుకోవాలి.

చోటు ఎంచుకునేటప్పుడు ఒక్క నెల చూసి తేల్చుకోవద్దు. ఇంటికి ఉత్తరాన గోడ పక్క చలికాలమంతా నీడే. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు, అక్కడా ఎండ కొడుతుంది. డిసెంబరులో నీడ చూసి పెట్టిన హైడ్రేంజియా మేలో మాడేది అందుకే. దాన్ని తూర్పు గోడ పక్కకు మార్చితే మధ్యాహ్నపు ఎండ తప్పుతుంది. కుండీలో ఉంటే ఆ పని ఇంకా సులువు.