పొలంలోని చిన్న పరికరాలకు తగిన ఇంటర్‌ప్రెటర్: రస్ట్ భాషలో రూపొందిన వెబ్‌అసెంబ్లీ ఇంటర్‌ప్రెటర్ల తులనాత్మక పరిశీలన

పరిచయం

వరి పొలాన్ని మార్చి మార్చి తడిపి, ఆరబెట్టే పద్ధతిని నీటి ఆదా కోసం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సిఫారసు చేస్తున్నది. ఇందులో పాటించవలసిన నియమం సరళమైనది. పొలంలో పాతిన రంధ్రాల గొట్టంలో నీటి మట్టం నేల ఉపరితలానికి 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు తిరిగి 5 సెం.మీ. లోతు వరకు నీరు పెట్టాలి. పూతకు వారం ముందు నుండి పూత తరువాత వారం వరకు మాత్రం 5 సెం.మీ. నీటిని నిలిపి ఉంచాలి. నీటి మట్టాన్ని కొలిచే సెన్సారు, ఒక మైక్రోకంట్రోలర్, మోటారును నియంత్రించే రిలే ఉంటే ఈ నియమాన్ని పరికరమే అమలు చేయగలదు.

అయితే నాటిన తేదీ, వరి రకం కాలపరిమితి, నేల స్వభావం పొలానికొక తీరుగా ఉంటాయి. అవి మారినప్పుడల్లా పరికరంలోని ప్రోగ్రామును కూడా మార్చవలసి వస్తుంది. ప్రతి పొలానికీ వెళ్ళి పరికరాన్ని విప్పడం ఆచరణ సాధ్యం కాదు. దూరం నుండి పంపుదామంటే, లోరావ్యాన్ వంటి వ్యవస్థలలో మన దేశానికి కేటాయించిన పౌనఃపున్యాల వద్ద, అతి తక్కువ వేగంలో ఒక్కొక్క సందేశంలో 51 బైట్ల సమాచారం మాత్రమే ఇముడుతుంది. 5,00,000 బైట్ల ఫర్మ్‌వేరును ఆ విధంగా పంపడానికి దాదాపు పది వేల సందేశాలు కావాలి. 500 బైట్ల నియమాన్ని పంపడానికి పది సందేశాలు చాలు. మూల ఫర్మ్‌వేరును కదపకుండా, నియమాన్ని మాత్రమే చిన్న వెబ్‌అసెంబ్లీ ప్రోగ్రాముగా పంపే ఆలోచనకు ఇదే ఆధారం. ఆ ప్రోగ్రామును పరికరంలో నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను ఎట్లా ఎంచుకోవాలన్నది ఈ వ్యాసంలోని విషయం.

వెబ్‌అసెంబ్లీ స్వరూపం

వెబ్‌అసెంబ్లీ మొదట బ్రౌజర్ల కోసం రూపొందింది. 2017 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ చేరింది. 2019 డిసెంబరులో ప్రపంచ వెబ్ కన్సార్షియం దీనిని ప్రమాణంగా ప్రకటించింది. ఇది ఏ ఒక్క ప్రాసెసర్‌కూ చెందని ఆదేశాల సముదాయం. ఒకసారి తయారు చేసిన ప్రోగ్రాము వేర్వేరు మైక్రోకంట్రోలర్లపై మార్పు లేకుండా నడుస్తుంది.

దీనిలో రెండు గుణాలు క్షేత్ర పరికరాలకు ముఖ్యమైనవి. మొదటిది, అమలుకు ముందే ప్రోగ్రామును పరిశీలించి, ఆదేశాలు, విలువల రకాలు పరస్పరం సరిపోతున్నాయో లేదో నిర్ధారించవచ్చు. రెండవది, ప్రోగ్రాము తనకు కేటాయించిన మెమరీని దాటి చదవలేదు, రాయలేదు. సెన్సారును చదవాలన్నా, రిలేను కదిలించాలన్నా మూల ఫర్మ్‌వేరు అనుమతించిన ఫంక్షన్ల ద్వారానే చేయాలి. నియమంలో దోషం ఉన్నా పరికరమంతా స్తంభించకుండా ఈ కట్టడి కాపాడుతుంది.

బ్రౌజర్లు వెబ్‌అసెంబ్లీని యంత్ర భాషలోకి మార్చి నడుపుతాయి. అందువల్ల వేగం వస్తుంది గాని, మార్చే కంపైలర్‌కు చాలా చోటు కావాలి. చిన్న పరికరాలలో ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి అమలు చేసే ఇంటర్‌ప్రెటరే అనువైనది. అది అనేక రెట్లు నెమ్మది అయినప్పటికీ, తక్కువ చోటులో ఇముడుతుంది.

రస్ట్ భాష ప్రాధాన్యం

ఇంటర్‌ప్రెటర్‌లోనే మెమరీ దోషం ఉంటే పైన చెప్పిన కట్టడికి అర్థం ఉండదు. సి భాషలో అటువంటి దోషాలను నివారించే భారం ప్రధానంగా ప్రోగ్రామర్‌పైనే ఉంటుంది. 2015లో తొలి స్థిర రూపం విడుదలైన రస్ట్ భాషలో మెమరీకి యజమాని ఎవరు, ఎంతకాలం అన్నది కంపైలరే పరిశీలిస్తుంది. రస్ట్‌లోనూ ఈ పరిశీలనను దాటే ‘అన్‌సేఫ్’ భాగాలు రాయవచ్చు. కనుక ఇంటర్‌ప్రెటర్‌లో అవి ఎంతమేరకు ఉన్నాయన్నది కూడా పోలికలో భాగం కావాలి.

మూడు ఇంటర్‌ప్రెటర్లు, మూడు మార్గాలు

వెయిన్: ఇతర గ్రంథాలయాలపై ఆధారపడకుండా మొదటి నుండి రాసిన ఇంటర్‌ప్రెటర్ ఇది. ప్రోగ్రామును చదివే భాగం, పరిశీలించే భాగం, అమలు చేసే భాగం విడివిడిగా ఉంటాయి. ప్రోగ్రామును వృక్ష రూపంలో నిలిపి, ఆ వృక్షాన్నే నేరుగా అమలు చేస్తుంది. ఇంటర్‌ప్రెటర్ పనితీరును అధ్యయనం చేయగోరే విద్యార్థులకు ఇది ఎక్కువ ఉపయుక్తం.

టైనీవాస్మ్: చిన్న పరిమాణం, సులభంగా అర్థమయ్యే నిర్మాణం దీని లక్ష్యాలు. అమలు భాగంలో అన్‌సేఫ్ రస్ట్‌ను వాడకపోవడం దీని మరో లక్షణం. ఆపరేటింగ్ సిస్టమ్ లేని పరికరాలకు కూడా దీనిని సిద్ధం చేయవచ్చు. ప్రోగ్రామును ముందుగానే చదివి, అంతర్గత రూపంలో భద్రపరచే సదుపాయం ఉన్నందున, చదివే పనిని పరికరం వెలుపల పూర్తి చేయవచ్చు.

వాస్మి: మొదట బ్లాక్‌చెయిన్ అవసరాల కోసం రూపొంది, తరువాత ఇతర రంగాలకు విస్తరించింది. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానూ పనిచేస్తుంది. వెబ్‌అసెంబ్లీ ఆదేశాలను నేరుగా నడపకుండా, ముందుగా తన సొంత ఆదేశాలలోకి మార్చుకుంటుంది. 2024లో ఈ అంతర్గత ఆదేశాలను స్టాక్ పద్ధతి నుండి రిజిస్టర్ పద్ధతికి మార్చారు.

ఈ మార్పును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. రెండు విలువలను కూడి మూడవ చోట ఉంచడానికి స్టాక్ పద్ధతిలో నాలుగు ఆదేశాలు కావాలి: మొదటి విలువను తెచ్చుట, రెండవ విలువను తెచ్చుట, కూడుట, ఫలితాన్ని భద్రపరచుట. రిజిస్టర్ పద్ధతిలో ఈ పని ఒక్క ఆదేశంతో ముగుస్తుంది. ఇంటర్‌ప్రెటర్‌లో తదుపరి ఆదేశం ఏదో గుర్తించడానికే అధిక కాలం వ్యయమవుతుంది. కనుక ఆదేశాల సంఖ్య తగ్గితే వేగం పెరుగుతుంది. అయితే మార్పిడికి ప్రారంభంలో కొంత కాలం, కొంత మెమరీ అదనంగా అవసరం. ఈ భారాన్ని తగ్గించడానికి, ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడే మార్చే ఏర్పాటు వాస్మిలో ఉన్నది.

వేగం ఎప్పుడు ముఖ్యం?

నీటి మట్టం నియమంలో కొన్ని పోలికలు, కొన్ని కూడికలు మాత్రమే ఉంటాయి. పావుగంటకు ఒకసారి మేల్కొని ఆ పని ముగించి నిద్రించే పరికరంలో, ఒక ఇంటర్‌ప్రెటర్ మరొకదానికంటే ఐదు రెట్లు వేగవంతమైనా బ్యాటరీ మన్నికలో చెప్పుకోదగిన తేడా కనిపించదు. ప్రోగ్రామును సిద్ధం చేసే కాలం, రేడియో సందేశాలకు ఖర్చయ్యే విద్యుత్తు అంతకంటే అధికం. దీనికి భిన్నంగా, ఆకు చిత్రం నుండి తెగులును గుర్తించే ప్రోగ్రాములో లక్షల గుణకారాలు జరుగుతాయి. అక్కడ రిజిస్టర్ పద్ధతి ప్రయోజనం స్పష్టమవుతుంది.

మెమరీ లెక్క

క్షేత్ర పరికరాలలో తొలి అవరోధం తరచుగా మెమరీయే. వెబ్‌అసెంబ్లీ మెమరీని 64 కిలోబైట్ల పేజీలుగా కేటాయిస్తారు. రస్ట్‌లో నియమాన్ని రాసి, ఏ మార్పూ లేకుండా వెబ్‌అసెంబ్లీగా సిద్ధం చేస్తే స్టాక్‌కే ఒక మెగాబైటు, అంటే 16 పేజీలు కేటాయింపు జరుగుతుంది. దత్తాంశంతో కలిపి 17 పేజీలు, అనగా 1,088 కిలోబైట్లు అవుతుంది. విరివిగా వాడే ఈఎస్‌పీ32లో ఉన్న అంతర్గత మెమరీ 520 కిలోబైట్లు, ఆర్‌పీ2040లో 264 కిలోబైట్లు మాత్రమే. ఏ ఇంటర్‌ప్రెటర్‌ను ఎంచుకున్నా ఆ ప్రోగ్రాము అక్కడ ప్రారంభమే కాదు.

లింకర్ అమరికలో స్టాక్‌ను 16 కిలోబైట్లకు తగ్గిస్తే చిన్న నియమం ఒక్క పేజీలో ఇముడుతుంది. పేజీ పరిమాణాన్నే తగ్గించుకొనే ప్రతిపాదన కూడా ఉన్నది. వాస్మి దానిని స్వీకరించింది. ఇంకా చిన్న పరికరాలకు సి భాషలో రాసిన వాస్మ్3ను పరిశీలించవచ్చు. సుమారు 64 కిలోబైట్ల కోడ్ స్థలం, 10 కిలోబైట్ల మెమరీ దాని కనీస అవసరాలుగా రూపకర్తలు పేర్కొన్నారు. ఆ పరిమాణం కోసం రస్ట్ ఇచ్చే రక్షణను వదులుకుంటున్నామని గుర్తించాలి.

అదుపు తప్పిన ప్రోగ్రాము

కరెంటు రాగానే మోటారును నడిపే ఆటో స్టార్టర్లు తెలుగు రాష్ట్రాల రైతులకు సుపరిచితాలు. పొలానికి నీరు కావాలా, వద్దా అన్న విచారణ వాటికి లేదు. మోటారును ఆన్ చేసి, అంతులేని ఆవృత్తిలో చిక్కుకున్న ప్రోగ్రాము కూడా అట్టిదే. మెమరీ కట్టడి ఈ దోషాన్ని ఆపలేదు. దీనికి వాస్మిలో ‘ఇంధన’ పరిమితి ఉన్నది. ప్రతి ఆదేశానికీ కొంత ఇంధనం తగ్గుతూ, అది అయిపోగానే అమలు నిలిచి, నియంత్రణ మూల ఫర్మ్‌వేరుకు చేరుతుంది. ఏ ఇంటర్‌ప్రెటర్‌ను ఎంచుకున్నా ఇటువంటి ఏర్పాటు ఉన్నదో లేదో ముందుగా చూడాలి.

ప్రోగ్రాము ఆగినంత మాత్రాన మోటారు ఆగదన్న విషయం మరువరాదు. లోపం ఎదురైనప్పుడు రిలేను ఆఫ్ చేసే బాధ్యత మూల ఫర్మ్‌వేరుదే. పూత దశలో మోటారు ఆగిపోవడం వల్ల కూడా పైరు దెబ్బతినవచ్చు. కాబట్టి రిలేను ఆఫ్ చేయడంతో పాటు రైతుకు సందేశం పంపే ఏర్పాటు తప్పనిసరి.

పోల్చవలసిన విధానం

• కంప్యూటర్‌పై కాక, వాడబోయే మైక్రోకంట్రోలర్‌పైనే, వాడబోయే నియమంతోనే పరీక్షించాలి.
• ఫ్లాష్‌లో ఇంటర్‌ప్రెటర్ ఆక్రమించే చోటు, గరిష్ఠ మెమరీ వినియోగాలను విడివిడిగా నమోదు చేయాలి.
• ప్రోగ్రామును సిద్ధం చేసే కాలాన్ని, అమలు కాలాన్ని కలపకుండా కొలవాలి.
• పాడైన ప్రోగ్రామును, అంతులేని ఆవృత్తి గల ప్రోగ్రామును కావాలని పంపి, పరికరం తేరుకుంటున్నదో లేదో పరిశీలించాలి.

ముగింపు

ఇంటర్‌ప్రెటర్ల పోలికలో వేగానికే అగ్రస్థానం ఇవ్వడం పరిపాటి. నీటి యాజమాన్యం వంటి చిన్న నియమాలకు మెమరీలో ఇముడుట, లోపం నుండి తేరుకొనుట అంతకంటే ముఖ్యమైనవి. నేర్చుకొనుటకు వెయిన్, సరళమైన నిర్మాణం, అన్‌సేఫ్ లేని అమలు ప్రధానమైన చోట టైనీవాస్మ్, భారమైన గణన లేదా ఇంధన పరిమితి అవసరమైన చోట వాస్మి పరిశీలనార్హాలు. తుది ఎంపిక మాత్రం పై నాలుగు పరీక్షల ఫలితాలపైనే ఆధారపడాలి. వాటిలో చివరిదానిలో విఫలమైన పరికరాన్ని, మిగిలిన మూడింటిలో ఎంత మెరుగ్గా ఉన్నా, రైతు మోటారుకు అనుసంధానించరాదు.