వైద్యుడికీ జబ్బు వస్తుంది

"ఆ డాక్టరుకే షుగరట! తన జబ్బు తాను తగ్గించుకోలేని మనిషి మనకేం తగ్గిస్తాడు?" ఆస్పత్రి వరండాల్లో ఈ మాట తరచుగా వినపడుతూ ఉంటుంది. ఉర్దూలో అన్నా తెలుగులో అన్నా భావం ఒకటే. శ్రీకాళహస్తిలో మనం చిన్న జ్వరానికి వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళతాం. కాస్త పెద్దదైతే ఏరియా ఆస్పత్రికి, ఇంకా పెద్దదైతే తిరుపతి రుయాకో, స్విమ్స్‌కో, అక్కడా తేలకపోతే రాయవేలూరుకో ప్రయాణం కడతాం. అక్కడ మన నాడి చూసేవారిలో కొందరు తమ మాత్రలు తాము మింగి, తమ ఇన్సులిన్ తాము వేసుకుని డ్యూటీకి వచ్చినవారే. ఆ సంగతి మనకు తెలియదు. తెలిస్తే పై మాట అంటాం.

ఆ మాటలో మొదటి పొరపాటు 'తగ్గించుకోలేదు' అనడంలోనే ఉంది. జ్వరం వస్తుంది, పోతుంది. షుగరు, ఆస్తమా, బీపీ, మూర్ఛ, కీళ్లవాతం వంటివి అలా కాదు. ఒకసారి వచ్చాక చాలామందికి జీవితాంతం ఉంటాయి. వాటి విషయంలో వైద్యం ఫలించడమంటే అవి అదుపులో ఉండడమే. ఇరవై ఏళ్లుగా షుగరును అదుపులో పెట్టుకుని, కళ్లు, మూత్రపిండాలు చెడకుండా కాపాడుకుంటున్న డాక్టరు తన వైద్యంలో ఓడిపోలేదు, నెగ్గాడు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఈ మాటకు భయపడి జబ్బు దాచుకునే డాక్టర్లు ఉంటారు. దాచిన జబ్బు ముదురుతుంది. ముదిరిన జబ్బు డాక్టరుకూ నష్టమే, రోగికీ నష్టమే.

షేఖుర్రయీస్ చివరి రోజులు

తిబ్ పేరెత్తితే మనవారు మొదట తలచుకునేది బూ అలీ సీనానే. ఆయన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథాన్ని యూరప్ విశ్వవిద్యాలయాల్లో శతాబ్దాల తరబడి పాఠ్యగ్రంథంగా చదివారు. అంతటి హకీం చివరి సంవత్సరాల్లో ఖౌలంజ్ అనే కడుపునొప్పితో బాధపడ్డారు. ఆయన శిష్యుడు అబూ ఉబైద్ జూజ్జానీ ఆ కథంతా దాచకుండా రాసిపెట్టాడు. అమీరు సైన్యంతో ప్రయాణంలో ఉన్నప్పుడు నొప్పి వచ్చింది. వెనుక పడిపోతానేమోనన్న భయంతో త్వరగా నయం కావాలని ఆయన ఒక్కరోజే ఎనిమిదిసార్లు ఎనిమా తీసుకున్నారు. పేగుల్లో పుండు పడింది. తరువాత కాస్త కోలుకున్నా జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టింది. క్రీ.శ. 1037లో హమదాన్‌లో కన్నుమూశారు.

ఈ కథ వల్ల ఇబ్నె సీనా గొప్పతనం ఏమీ తగ్గలేదు. వెయ్యేళ్లయినా ఆయన పేరు నిలిచే ఉంది. కానీ వైద్యులకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. జబ్బుపడిన వైద్యుడు తనకు తానే వైద్యం చేసుకోకూడదు. పని ఆగిపోతుందన్న తొందరలో అసలే చేసుకోకూడదు. తన రోగికి "విశ్రాంతి తీసుకో" అని చెప్పే నోరు తన విషయానికి వచ్చేసరికి మూతపడుతుంది. అందుకే వైద్యుడికి ఇంకొక వైద్యుడు అవసరం.

ఇన్సులిన్ ప్రాణం పోసిన ఇద్దరు

1920లో లండన్‌లో రాబిన్ లారెన్స్ అనే యువ డాక్టరు పరీక్షకు తయారవుతూ ఎముకను ఉలితో చెక్కుతుంటే ఒక ముక్క ఎగిరి కంట్లో పడింది. కన్ను చీము పట్టింది. ఆ సందర్భంలో చేసిన పరీక్షల్లో షుగరు బయటపడింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. ఆ రకం షుగరు వచ్చిన యువకులకు మరణమే గతి. కడుపు మాడ్చుకుంటే నాలుగు రోజులు ఎక్కువ బతకవచ్చు, అంతే. లారెన్స్ ఇంటివారికి భారం కాకూడదని ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లి, అక్కడే ప్రాక్టీసు చేసుకుంటూ చావు కోసం ఎదురుచూశాడు.

ఈలోగా 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో దాన్ని మొదటిసారి ఒక బాలుడికి ఇచ్చారు. 1923 మే నెలలో లండన్ నుంచి సహచర డాక్టరు పంపిన తంతి లారెన్స్‌కు అందింది. ఇన్సులిన్ వచ్చింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని అందులోని సారాంశం. నీరసించిన దేహంతోనే ఆయన కారు నడుపుకుంటూ లండన్ చేరాడు. ఆ తరువాత నలభై అయిదేళ్లు బతికాడు. కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో షుగరు రోగులకు పెద్ద వైద్యశాల నడిపాడు. రోగులు తమ జబ్బును తామే అర్థం చేసుకునేలా పుస్తకం రాశాడు. 1934లో, తనలాగే షుగరున్న రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి రోగుల సంఘాన్ని స్థాపించాడు. 1968లో మరణించాడు.

అమెరికాలో జార్జి మైనాట్ కథా ఇటువంటిదే. 1921లో షుగరు బయటపడింది. ఇన్సులిన్ అందబట్టి బతికాడు. బతికినవాడు ఊరకే కూర్చోలేదు. అప్పట్లో ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే నయమవుతుందని 1926లో మర్ఫీతో కలిసి చూపించాడు. 1934లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒక జబ్బుకు వచ్చిన మందు ఒక డాక్టరును బతికించింది. ఆ డాక్టరు ఇంకో జబ్బు నుంచి వేలాదిమందిని బతికించాడు. "షుగరు డాక్టరు మనకెందుకు" అని ఆనాడే తోసేసి ఉంటే ఏమయ్యేది?

మన తెలుగు డాక్టరు

అంత దూరం పోనక్కరలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే దీర్ఘ విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. మద్రాసులో వైద్యం చదివిన ఆయనకూ అదే జబ్బు పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషి మరో పద్ధతి వైద్యుడి ముందు రోగిగా కూర్చోవడానికి నామోషీ పడలేదు.

1922లో ఆయన అమెరికా వెళ్లారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో వచ్చే రక్తహీనతకు అదే మందయింది. ఆయన 1948లో కాలం చేశారు. నేడు మన ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు, తన ఒంటిని పీల్చిన జబ్బు, ఆయన పరిశోధనకు తోవ చూపిందని చెప్పుకోవచ్చు.

వేలూరులో చక్రాల కుర్చీ

మన జిల్లాల వారికి వేలూరు సీఎంసీ పరాయిది కాదు. కాట్పాడిలో దిగి ఆ ఆస్పత్రికి పోనివారి ఇల్లు తక్కువ. అక్కడ చదివిన మేరీ వర్గీస్ అనే యువ డాక్టరుకు 1954 జనవరిలో వాహన ప్రమాదం జరిగింది. వెన్నెముక దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ముఖానికీ పెద్ద గాయాలయ్యాయి. ఇక డాక్టరుగా ఆమె పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

అదే ఆస్పత్రిలో కుష్ఠురోగుల వంకర వేళ్లకు ఆపరేషన్లు చేసే డాక్టర్ పాల్ బ్రాండ్ ఉండేవారు. చేతి ఆపరేషను కూర్చునే చేయవచ్చు కదా అని ఆయన సూచించారు. మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చుని ఆ ఆపరేషన్లు నేర్చుకున్నారు, చేశారు. తరువాత ఆస్ట్రేలియాలో తాను చికిత్స పొంది, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి వచ్చారు. వేలూరులో ఆ శాఖను నడిపించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరుచుకుంది. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ఆమె మరణించారు. ఇప్పుడు ఆ కేంద్రానికి ఆమె పేరే ఉంది.

ఒక్క విషయం గమనించాలి. ఆమె ధైర్యం ఒక్కటే ఈ పని చేయలేదు. 'నీవల్ల కాదు' అనకుండా 'ఏ పని నీవల్ల అవుతుంది' అని ఆలోచించిన పై అధికారి ఉన్నాడు. కుర్చీకి తగినట్టు పని అమరింది. జబ్బున్న డాక్టరుకు కావలసింది జాలి కాదు, ఇటువంటి ఏర్పాటు.

హద్దు ఎక్కడ?

నిజమే, రోగి క్షేమం ముందు. ఊపిరితిత్తుల క్షయ సోకిన డాక్టరు మందులు పనిచేసి అంటు తగ్గేవరకు రోగులకు దూరంగా ఉండాలి. మూర్ఛ అదుపులో లేని డాక్టరు కత్తి పట్టకూడదు. ఇన్సులిన్ వేసుకునే డాక్టరు తిండి మానేసి గంటల తరబడి ఆపరేషనులో నిలబడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట పడుతుంది, చేయి వణుకుతుంది, మాట తడబడుతుంది. జేబులో గ్లూకోజు, పక్కన సంగతి తెలిసిన నర్సు ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కానీ నర్సుకు సంగతి తెలియాలంటే డాక్టరు దాచకూడదు. దాచకుండా ఉండాలంటే మనం వెక్కిరించకూడదు.

రంజాన్‌లో ఈ ప్రశ్న మన ఇళ్లలోనే వస్తుంది. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలోనే ఉంది. తరువాత కోలుకుంటే ఆ రోజులు పూర్తి చేయాలి. ఎప్పటికీ కుదరనివారికి ఫిద్యా ఉంది. రోజా ఉన్న షుగరు రోగికి చక్కెర 70కి తగ్గినా, 300కి మించినా రోజా విరమించాలని వైద్యుల సలహా. పరీక్ష కోసం వేలికి సూది గుచ్చుకుంటే రోజా పోదని చాలామంది ఉలమాల అభిప్రాయం. ఈ నియమం రోగికెంతో డాక్టరుకూ అంతే. పగటిపూట నీళ్లు తాగుతున్న ముస్లిం డాక్టరును చూసి ఇమాన్ తూకం వేయడం మన పని కాదు. ఆ గుక్కెడు నీళ్ల మీద ఒక రోగి ప్రాణం ఆధారపడి ఉండవచ్చు.

మన పిల్లల సంగతి

ఇన్సులిన్ వేసుకునే బిడ్డ "నేను డాక్టరునవుతాను" అంటే కొన్ని ఇళ్లలో వచ్చే జవాబు, "నీ ఒంటికి ఆ చదువెందుకమ్మా." ఆడపిల్ల అయితే సంబంధాలు రావని జబ్బునే దాచేస్తారు. స్కూల్లో టీచరుకు చెప్పరు. బిడ్డ బాత్రూములో తలుపు వేసుకుని సూది వేసుకుంటుంది. అలా నేర్చుకున్న దాపరికం రేపు ఆమె డాక్టరైనా వదలదు.

కాలం మారింది. చదువులు, చట్టాలు కూడా మారాయి. షుగరున్న విద్యార్థులు పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్ష హాలులోకి తినుబండారాలు తీసుకుపోవచ్చని 2017లో సీబీఎస్‌ఈ అనుమతించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, కండరాల క్షీణత వంటి దీర్ఘవ్యాధులు అందులో ఉన్నాయి. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని ఆ చట్టం చెబుతుంది. షుగరు ఆ జాబితాలో లేదు కనుక దానికి ఈ కోటా వర్తించదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. శాతం చూసి వైద్యవిద్యకు సీటు నిరాకరించరాదని, ఆ విద్యార్థి ఏ పని చేయగలడో పరీక్షించి చూడాలని తీర్పు ఇచ్చింది. అదే నెలలో కండరాల క్షీణత ఉన్న విద్యార్థికి ఎంబీబీఎస్‌లో ప్రవేశం ఇప్పించింది. ఆనాడు వేలూరులో ఒక సర్జను అడిగిన ప్రశ్న నేడు న్యాయస్థానం నోట వచ్చింది.

కనుక అమ్మానాన్నలకు ఒక మనవి. జబ్బున్న బిడ్డకు చదువు మాన్పించకండి, జబ్బును దాచనూ వద్దు. మందు వేళకు వేసుకోవడం, తిండి వేళకు తినడం, నలతగా ఉంటే నోరు తెరిచి చెప్పడం నేర్పండి. సంబంధం మాట్లాడేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నిజం విని తప్పుకునేవారు ముందే తప్పుకోవడం మేలు. సూది నొప్పి ఎరిగిన ఆ బిడ్డ రేపు డాక్టరై కూర్చుంటే, సూదికి భయపడి వచ్చిన రోగితో ఎలా మాట్లాడాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు.