ఎత్తుకు పై ఎత్తు: పాత చదరంగం ప్రోగ్రాములు, కొత్త కంప్యూటర్లు

ఒక రోజు మా కంప్యూటర్ ల్యాబ్‌లో చిన్న వాదన మొదలైంది. 1983 నాటి చదరంగం ప్రోగ్రామును ఇప్పటి కంప్యూటర్‌లో నడిపితే అది అప్పటికంటే బాగా ఆడుతుందా? కంప్యూటర్ వెయ్యి రెట్లు వేగవంతమైంది కాబట్టి ఆట కూడా ఎంతో మెరుగవుతుందని మాలో సగం మంది అన్నారు. ప్రోగ్రాం మారలేదు కాబట్టి ఆటా మారదని మిగతా సగం. ప్రయత్నించి చూశాక తెలిసింది, రెండు పక్షాలూ సగం సగం తప్పేనని. ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా పేర్ల సంగతి. కోనిలో మేము హిందీ మాట్లాడే స్నేహితులతో ఆడతాం కాబట్టి మా బల్ల మీద ఒకే పావుకు రెండు మూడు పేర్లుంటాయి. ఇంట్లో శకటు అనేదాన్ని బడిలో ఊంట్ అంటాం, కంప్యూటర్ దాన్నే బిషప్ అంటుంది. ఈ వ్యాసంలో మాత్రం ఇంటి పేర్లే వాడాం: మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. పావును ఒకసారి కదపడం ఒక ఎత్తు.

పాత ప్రోగ్రామును తెచ్చి కొత్త కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. డాస్ కాలపు ప్రోగ్రాములు 16 బిట్ల ప్రాసెసర్ కోసం రాసినవి. ఇప్పటి 64 బిట్ల విండోస్ వాటిని నడపనే నడపదు. ఒకవేళ నడిపించగలిగినా ఇంకో తంటా ఉంది. కొన్ని పాత ప్రోగ్రాములు కంప్యూటర్ మరీ వేగంగా ఉందనే కారణంతో ఆగిపోతాయి! టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాములు దీనికి పేరుపడ్డాయి. అవి మొదలయ్యేటప్పుడు ఒక చిన్న లూప్‌ను 55 మిల్లీసెకన్లలో ఎన్నిసార్లు తిప్పగలమో లెక్కపెట్టి, ఆ సంఖ్యను 55తో భాగిస్తాయి. కాసేపు ఆగాల్సి వచ్చినప్పుడు ఎంత ఆగాలో తెలుసుకోవడానికి ఈ లెక్క. వేగమైన ప్రాసెసర్ మీద ఆ సంఖ్య ఎంత పెద్దదవుతుందంటే, భాగించిన ఫలితం 16 బిట్లలో పట్టదు. వెంటనే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని, సున్నాతో భాగించారని చెప్పి ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది. నిజానికి సున్నాతో ఎవరూ భాగించలేదు. కంప్యూటర్లు ఇంత పరుగెత్తుతాయని రాసినవాళ్లు ఊహించలేదు, అంతే.

అందుకే ఎమ్యులేటర్ కావాలి. మన ఊళ్లలో పగటివేషగాళ్లు ఉండేవారు. ఒకే మనిషి ఈరోజు ఫకీరుగా, రేపు సోమయాజులుగా వచ్చేవాడు. వేషం కట్టినంతసేపూ మాట, నడక అన్నీ ఆ పాత్రవే. ఎమ్యులేటర్ కూడా అంతే. అది ఇప్పటి కంప్యూటర్‌కు పాత యంత్రం వేషం కట్టిస్తుంది. పాత ప్రాసెసర్‌కు ఇచ్చే ఒక్కో ఆదేశాన్నీ చదివి, ఆ ప్రాసెసర్ ఏం చేసేదో అదే చేసి చూపిస్తుంది. తాను 40 ఏళ్ల తరువాతి యంత్రంలో ఉన్నానని ప్రోగ్రాముకు తెలియదు. పైథాన్ రాకముందు మన సీనియర్లు టర్బో సి ప్లస్ ప్లస్‌ను డాస్‌బాక్స్‌లో నడిపేవారు. ఆ డాస్‌బాక్స్ ఒక ఎమ్యులేటరే. అందులో కంట్రోల్ నొక్కి ఎఫ్11 కొడితే వేషంలోని యంత్రం నెమ్మదిస్తుంది, ఎఫ్12 కొడితే వేగం పెరుగుతుంది. మా వాదనను తేల్చడానికి ఈ రెండు మీటలే సాధనాలయ్యాయి.

ఇంకో దారి కూడా ఉంది. ప్రోగ్రాం అసలు పాఠం దొరికితే దాన్ని కొత్త యంత్రం భాషలోకి మార్చి రాసుకోవచ్చు. 1978లో డాన్, కాథ్ స్ప్రాక్లెన్ దంపతులు రాసిన 'సార్గాన్' ఇలాగే బతికింది. వారు ఆ ప్రోగ్రామును జెడ్80 ప్రాసెసర్ కోసం రాసి, మొత్తం పాఠాన్ని పుస్తకంగా అచ్చువేయించారు. న్యూజిలాండ్‌కు చెందిన బిల్ ఫోర్‌స్టర్ దాన్ని ఇప్పటి ప్రాసెసర్లకు మార్చారు. క్యాసెట్లు పాడవుతాయి, ఫ్లాపీలకు బూజు పడుతుంది. కాగితం మీద అచ్చయిన ప్రోగ్రాం మాత్రం నిలిచింది. కంప్యూటర్ విషయంలో కాగితమే గట్టిదని తేలడం మాకు నవ్వు తెప్పించింది.

ఆ కాలపు ప్రోగ్రాములు ఎంత చిన్నవో వింటే నమ్మబుద్ధి కాదు. 1976లో పీటర్ జెన్నింగ్స్ రాసిన 'మైక్రోచెస్' సుమారు 924 బైట్లు. అది నడిచిన కిమ్-1 యంత్రంలో మెమరీ 1,152 బైట్లే. తెర లేదు, కాలిక్యులేటర్‌లా ఆరు అంకెలు వెలిగే గళ్లు మాత్రమే. ఏ పావు, ఏ గడి నుంచి, ఏ గడికి అన్నది ఆ ఆరు అంకెల్లోనే చెప్పేది. అసలు బల్ల మన పక్కన పెట్టుకోవాలి. 1982లో డేవిడ్ హోర్న్ జెడ్ఎక్స్81 కోసం రాసింది ఇంకా చిన్నది, 672 బైట్లు. కంప్యూటర్‌లో యూనికోడ్ పద్ధతిలో దాచితే ఒక్కో తెలుగు గుర్తుకు సాధారణంగా 3 బైట్లు పడతాయి. అంటే 672 బైట్లలో పట్టేది 224 గుర్తులు. మీరు చదువుతున్న ఈ పేరా అందులో సగం కూడా పట్టదు! అంత చోటులో చదరంగం ఇరికించాడు మరి. కోట కట్టడం, చివరి వరుసకు చేరిన బంటు మంత్రి కావడం వంటి కొన్ని నియమాలు వదిలేయక తప్పలేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చదరంగం ప్రోగ్రాం చేసే పని, మూలంలో, 'ఎత్తుకు పై ఎత్తు' అనే మన మాటే. నేను ఇది వేస్తే నువ్వు ఏం వేస్తావు, అప్పుడు నేనేం వేయాలి అని కొన్ని మెట్లు ముందుకు చూస్తుంది. చివరి మెట్టు మీద ఆగి, ఎవరి పావులు ఎన్ని మిగిలాయి వంటి లెక్కలతో ఆ స్థితికి మార్కులు వేస్తుంది. ఎన్ని మెట్లు చూడగలిగితే అంత మంచిది. కానీ మెట్లు పెరిగే కొద్దీ లెక్క ఎలా ఉబ్బుతుందో తెలుసుకోవడానికి మేము పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాం. ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులున్నాయి. నల్లపావుల జవాబులు కలిపితే 400. మూడో మెట్టుకు 8,902. నాలుగో మెట్టుకు 1,97,281. ఐదో మెట్టుకు 48,65,609. ఐదో మెట్టు లెక్క నడుస్తుండగా మేము భోజనం డబ్బాలు తెరిచాం. ఆరో మెట్టు జోలికి పోలేదు, ఆ అంకె 11,90,60,324.

ఆట నడిమధ్యలో ఒక స్థితి నుంచి సగటున 35 ఎత్తులుంటాయని చెబుతారు. అంటే ఒక్క మెట్టు అదనంగా చూడాలంటే 35 రెట్ల పని. ఇప్పుడు లెక్క కట్టండి. కంప్యూటర్ వెయ్యి రెట్లు వేగమైతే ఎన్ని మెట్లు కలిసొస్తాయి? 35ను 35తో గుణిస్తే 1,225. అంటే రెండు మెట్లు కూడా నిండుగా రావు! ఇక్కడ ఒక ఉపాయం ఉంది. ఒక ఎత్తు చెడ్డదని తేలిపోయాక, అది ఇంకెంత చెడ్డదో చూడనక్కర్లేదు. ఆల్ఫా-బీటా అనే ఈ పద్ధతి బాగా పనిచేస్తే, మెట్టుకు 35 రెట్లు కాక సుమారు 6 రెట్ల పనితో సరిపోతుంది. అప్పుడు వెయ్యి రెట్ల వేగానికి దాదాపు నాలుగు మెట్లు దొరుకుతాయి. వెయ్యి రెట్ల వేగవంతమైన యంత్రం ఇచ్చింది రెండు మెట్లయితే, ఒక మంచి ఆలోచన ఇచ్చింది ఇంకో రెండు. మాకు ఈ వ్యాసం మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇదే.

అయితే ఆ మెట్లు కూడా అన్ని ప్రోగ్రాములకూ దొరకవు. కొన్ని ప్రోగ్రాములకు 'ఇన్ని మెట్లు చూడు' అని చెబుతాం. వేగం ఎంత పెంచినా అవి అన్ని మెట్లే చూస్తాయి. మైక్రోచెస్ పాత యంత్రం మీద ఒక ఎత్తుకు సుమారు 100 సెకన్లు ఆలోచించే స్థాయి ఉంది. ఇప్పుడు అదే స్థాయిలో మనం వేలు తీసేలోగా జవాబు వస్తుంది. కానీ తప్పు ఎత్తు తప్పు ఎత్తే, త్వరగా వచ్చిందంతే. ఇంకొన్ని ప్రోగ్రాములకు 'ఇన్ని సెకన్లు ఆలోచించు' అని చెబుతాం. వాటిలో ఎఫ్12 కొట్టుకుంటూ పోతే నిజంగానే ఆట బాగుపడింది. అందుకే అన్నాం, రెండు పక్షాలూ సగం సగం తప్పేనని.

బాగుపడినా పాత జబ్బు ఒకటి పోదు. ప్రోగ్రాం చూపు ఆగిన మెట్టుకు అవతల ఏముందో దానికి తెలియదు. మంత్రి పోవడం ఖాయమైన స్థితిలో అది అనవసరంగా ఒక బంటును బలి ఇస్తుంది. దాంతో మంత్రి పోయే ఎత్తు రెండు మెట్లు వెనక్కి జరిగి చూపు దాటిపోతుంది. గండం గడిచిందనుకుంటుంది! అప్పు వాయిదా వేసి, తీరిపోయిందనుకోవడం లాంటిదే ఇది. దీనికి 'క్షితిజ ప్రభావం' అనే అర్థంలో పేరు పెట్టినవారు హాన్స్ బెర్లినర్. ఆయన పనిచేసింది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో. అక్కడ 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి సంచాలకులు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నది ఆయనే. గ్రాండ్‌మాస్టర్లను ఓడించిన 'డీప్ థాట్' కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే తయారైంది. దాన్ని కట్టిన విద్యార్థులు తరువాత ఐబీఎంకు వెళ్లి 'డీప్ బ్లూ' చేశారు. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన ఆ యంత్రం సెకనుకు 20 కోట్ల స్థితులను చూడగలిగేది.

ట్యూరింగ్ పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఆయన చాంపర్‌నౌన్ అనే మిత్రుడితో కలిసి చదరంగం ప్రోగ్రాం రాశాడు గానీ, దాన్ని నడిపే కంప్యూటర్ అప్పటికి లేదు. 1952లో తానే కంప్యూటరై, కాగితం మీద లెక్కలు వేస్తూ ఒక ఆట ఆడి ఓడిపోయాడు. చాలా ఏళ్ల తరువాత ఆ నియమాలను నిజం కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఎత్తులు కలవలేదు. చూస్తే, కొన్నిచోట్ల ట్యూరింగే తన నియమాలు తప్పాడు! లెక్క విసుగెత్తి కాబోలు అని మా అనుమానం. 2012లో మాంచెస్టర్‌లో ఆ ప్రోగ్రాంతో కాస్పరోవ్ ఆడి 16 ఎత్తుల్లో ఆట కట్టించాడు.

ఇంత శ్రమ దేనికి, ఫోన్‌లో ఇంతకన్నా గట్టి చెస్ ఉంది కదా అని మమ్మల్ని చాలామంది అడిగారు. గట్టిది ఉండడమే చిక్కు. మా చెస్ జట్టులోని ఏడో తరగతి చెల్లి ఫోన్‌తో ఆడి ఆడి, ప్రతిసారీ ఓడి, ఆట మానేస్తానంది. ఎందుకు ఓడిందో ఫోన్ చెప్పదు. చెప్పినా అర్థం కాదు, ఎందుకంటే ఇప్పటి ప్రోగ్రాముల్లో మార్కులు వేసేది న్యూరల్ నెట్‌వర్క్. లక్షల అంకెలు తప్ప అందులో మనం చదవగలిగింది ఉండదు. మేము ఆమెను బీబీసీ మైక్రో కంప్యూటర్ వేషంలో ఉన్న 'వైట్ నైట్' ముందు కూర్చోబెట్టాం. మార్టిన్ బ్రయంట్ రాసిన ఈ ప్రోగ్రాం 1983లో యూరప్ మైక్రోకంప్యూటర్ల పోటీ గెలిచింది. దీనిలో మంచి గుణం ఏమిటంటే, తాను అనుకుంటున్న ఎత్తుల వరుసను తెర మీద చూపిస్తుంది. తక్కువ స్థాయిలో మూడో ఆటకు చెల్లి తెర వైపు వేలు చూపించి, "అన్నయ్యా, ఇది నేను శకటు తీస్తాననుకుంటోంది. నేనెందుకు తీస్తాను?" అంది. తీయలేదు. ఆ ఆట గెలిచింది. తరువాత ఎంతసేపూ ఆ వరుసనే చూస్తూ ఆడుతోందని మిగతావాళ్లు ఫిర్యాదు చేశారు గానీ, అది వేరే సంగతి.

మీరూ ప్రయత్నించాలనుకుంటే బీబీసీ మైక్రోకు జేఎస్‌బీబ్ అనే ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పాత ప్రోగ్రాములకూ హక్కుదారులుంటారు. కాబట్టి మైక్రోచెస్‌లాగా రాసినవారే అందుబాటులో పెట్టినవాటితో మొదలుపెట్టండి. ల్యాబ్‌లో అయితే సార్‌ను అడిగాకే.

బీబీసీ మైక్రో మన దేశపు బడులకు కొత్తదేమీ కాదు. 1984-85లో 'క్లాస్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద సుమారు 250 పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చినప్పుడు వచ్చినవి అవే. 32 కిలోబైట్ల మెమరీ, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. మాలో ఒకరి మామయ్య విశాఖపట్నంలో అలాంటి బడిలో చదివారట. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి, వరుసలో నిలబడి, ఒక్కో యంత్రానికి నలుగురు చొప్పున కూర్చునేవారట. అందులో చెస్ కూడా ఉండేదని చెప్పారు గానీ ఏ ప్రోగ్రామో ఆయనకు గుర్తులేదు. ఈమధ్య కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో బిలాస్‌పూర్ వచ్చినప్పుడు, ఆదివారం ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఆ ఎమ్యులేటర్ పెట్టాం. ఆయన పక్కగదిలో పేపర్ చదువుతున్నారు. యంత్రం మొదలయ్యేటప్పుడు ఒక పొడవైన మోటు కూత, వెంటనే ఒక పొట్టి సన్నకూత వినిపిస్తాయి. ఆ రెండు కూతలూ వినగానే పేపర్ పక్కన పెట్టి వచ్చేశారు. "ఏరా, ఇది మా బడిది కదూ!" అన్నారు. వైట్ నైట్‌తో రెండు ఆటలు ఆడి రెండూ ఓడిపోయారు. మూడోదానికి కుర్చీ దగ్గరకు లాక్కుని, వేగం తగ్గించమన్నారు. అసలు యంత్రం ఎంత నెమ్మదిగా ఆలోచించేదో అంతే ఉంచమన్నారు. అది ఆలోచిస్తున్నంతసేపూ ఆయనా ఆలోచించారు. ఆట ఇంకా పూర్తి కాకముందే రైలు వేళయింది. పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో మేము కాగితం మీద రాసిపెట్టుకున్నాం.