తలల లెక్క - హక్కుల లెక్క

మన రాజ్యాంగంలోని 30వ అధికరణం మత, భాషా ప్రాతిపదికలపై అల్పసంఖ్యాకులైన వారికి తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును ఇచ్చినది. మన కళాశాల వంటి సంస్థలకు ఆధారం ఈ అధికరణమే. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతంలో ముస్లిములు నూటికి పదమూడు మందికి లోపే. అయినను "మీరు కొద్దిమందే కదా, మీకు ప్రత్యేకంగా కళాశాల ఎందుకు?" అని అడిగే అధికారం ఎవరికీ లేదు. తలలు లెక్కించి హక్కులు పంచేటట్లయితే అల్పసంఖ్యాకులకు ఈ దేశంలో మిగిలేది పొరుగువారి దయ మాత్రమే.

2013లో ఇదే తలల లెక్క మరొక వర్గం విషయంలో దేశ సర్వోన్నత న్యాయస్థానంలో ప్రస్తావనకు వచ్చినది. ఆ వర్గం పక్షాన పోరాడినది ఢిల్లీకి చెందిన ఒక ధర్మసంస్థ. దాని పేరు నాజ్ ఫౌండేషన్. ఉర్దూలో 'నాజ్' అంటే గర్వమని మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సంస్థ చేసిన పని ఏమిటి, అది మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి ఏ విధంగా చేరినది, దానితో మన వంటి కళాశాలకు గల సంబంధమేమిటి అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచినాము.

ముందుగా కొన్ని మాటలను విడదీసి చూడవలసి ఉన్నది. పుట్టినప్పుడు ఆడ లేక మగ అని వ్రాయబడిన గుర్తింపు తమ మనస్సుకు సరిపడక, వేరొక గుర్తింపుతో జీవించేవారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటున్నారు. హిజ్రాలు ఈ కోవకు చెందినవారే. గురువు, చేలా అనే సంబంధంతో, తమదైన కట్టుబాట్లతో వారు ఒక సమాజంగా జీవిస్తారు. స్వలింగ ఆకర్షణ అనేది వేరు విషయం. పురుషుని మనస్సు పురుషునిపై, స్త్రీ మనస్సు స్త్రీపై లగ్నం కావడమే అది. దానికి వేషంతో పని లేదు. మొదటివారు కంటికి కనబడతారు. రెండవవారు మన పక్క బల్లపై కూర్చున్నా మనకు తెలియకపోవచ్చును. ఈ రెండు వర్గాలనూ చాలాకాలం ఒకే చట్టం భయపెట్టినది.

ఆ చట్టం 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను. ప్రకృతి విరుద్ధమైన సంభోగమని తాను భావించిన దానికి అది యావజ్జీవ శిక్ష వరకు విధించినది. ఇద్దరు వయోజనులు తమ ఇష్టప్రకారం నాలుగు గోడల మధ్య జీవించినను అది నేరమే. ఈ సెక్షను క్రింద కోర్టులో శిక్ష పడినవారు తక్కువే కావచ్చును. కాని పోలీసు చేతిలో బెదిరింపు సాధనంగా, బ్లాక్‌మెయిల్ చేసేవారి చేతిలో సంపాదన మార్గంగా అది బాగుగా ఉపయోగపడినది.

నాజ్ ఫౌండేషన్‌ను 1994లో అంజలీ గోపాలన్ స్థాపించినారు. అది మొదట హక్కుల సంస్థ కాదు, ఎయిడ్స్ నివారణ సంస్థ. వ్యాధి సోకిన అనాథ బాలబాలికలకు ఆశ్రయం కల్పించడం నేటికీ ప్రసిద్ధమైన దాని సేవలలో ఒకటి. స్వలింగ సంపర్కం గల పురుషులలో వ్యాధి నివారణకు పనిచేయబూనినప్పుడు సంస్థకు ఒక గోడ అడ్డువచ్చినది. తాను ఫలానా అని చెప్పుకొంటే జైలు తప్పదని భయపడే మనిషి వైద్యుని వద్దకు ఎట్లు వస్తాడు? 2001 జులైలో లక్నోలో ఎయిడ్స్ నివారణకై పనిచేస్తున్న కార్యకర్తలను ఈ సెక్షను క్రిందనే అరెస్టు చేసి నలభై రోజులకు పైగా జైలులో ఉంచినారు. రోగికే గాక, మందు ఇవ్వవచ్చిన వానికి కూడ రక్షణ లేదని తేలినది. అదే సంవత్సరం నాజ్ ఫౌండేషన్ ఢిల్లీ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం దాఖలు చేసినది.

2004లో హైకోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసినది. ఈ చట్టం వలన పిటిషనరు సంస్థకు స్వయంగా జరిగిన నష్టమేమీ లేదు గనుక దీనిని విచారించనక్కరలేదన్నది కారణం. తెలుగులో చెప్పవలెనన్న "నీ కెందుకు?" అన్నట్లు. బాధపడినవారే వచ్చి చెప్పుకొందురు గాక అన్నట్లు. బాధపడినవాడు కోర్టు మెట్లెక్కి తన పేరు చెప్పుకొంటే ఆ క్షణమే నేరస్థుడవుతాడన్నదే అసలు చిక్కు. నోరు విప్పలేనివాని తరఫున నోరున్నవాడు మాట్లాడవలెనని సంస్థ సుప్రీం కోర్టుకు వెళ్ళినది. 2006లో సుప్రీం కోర్టు వ్యాజ్యాన్ని విచారించవలసినదేనని తిరిగి హైకోర్టుకు పంపినది. అక్కడొక విచిత్రం జరిగినది. కేంద్ర హోంశాఖ ఆ సెక్షను ఉండవలెనని వాదించగా, ఎయిడ్స్ నియంత్రణ బాధ్యత గల ప్రభుత్వ సంస్థయే ఆ సెక్షను తమ పనికి ఆటంకమని అదే కోర్టుకు విన్నవించినది.

2009 జులై 2న ప్రధాన న్యాయమూర్తి ఎ.పి.షా, జస్టిస్ ఎస్.మురళీధర్ తీర్పు చెప్పినారు. వయోజనులు పరస్పర ఇష్టంతో ఏకాంతంలో గడిపే జీవితానికి 377వ సెక్షను వర్తించదన్నారు. సమానత్వం, వివక్ష లేకుండుట, జీవించే స్వేచ్ఛ అనే 14, 15, 21 అధికరణాలు దానికి ఆధారం.

దానిపై సుప్రీం కోర్టులో అప్పీళ్ళు వచ్చినవి. అప్పీలు చేసిన వారిలో హిందూ, క్రైస్తవ, ముస్లిమ్ సంస్థలు కూడ కలవు. అనేక విషయాలలో కలవనివారు ఈ ఒక్క విషయంలో కలిసినారు. 2013 డిసెంబరు 11న సుప్రీం కోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసినది. ఈ వర్గం వారు దేశ జనాభాలో అతి స్వల్ప భాగమని, ఈ సెక్షను క్రింద నడిచిన కేసులు కూడ కొద్దివేనని ఆ తీర్పులో ఒక కారణంగా పేర్కొనబడినది.

మైనారిటీ కళాశాలలో చదువు చెప్పే మేము ఈ వాక్యం వద్ద ఆగవలసి వచ్చినది. స్వల్ప సంఖ్య గనుక హక్కు పట్టింపు లేదన్న సూత్రం ఒకసారి ఒకరి విషయంలో అంగీకరించినచో, అది వారితోనే ఆగుతుందన్న హామీ ఏమున్నది? నేడు పొరుగింటి తలుపు తట్టిన మాట రేపు మన తలుపు తట్టదా?

ఈ ప్రశ్నకు సమాధానం సుప్రీం కోర్టే చెప్పినది. 2014 ఏప్రిల్ 15న జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె.సిక్రీలు జాతీయ న్యాయసేవల సంస్థ దాఖలు చేసిన వ్యాజ్యంలో హిజ్రాలను మూడవ లింగంగా గుర్తించి, వారికి ప్రాథమిక హక్కులన్నీ వర్తిస్తాయని తీర్పునిచ్చినారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించుచు, సంఖ్య తక్కువన్న కారణంతో హక్కును నిరాకరించే వాదాన్ని స్పష్టంగా త్రోసిపుచ్చినది. ఇక 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వయోజనుల పరస్పర అంగీకారానికి 377వ సెక్షను వర్తించదని ఏకగ్రీవంగా తీర్మానించినది. ఈసారి వ్యాజ్యం నడిపినవారు ఎవరు? నర్తకుడు నవతేజ్ సింగ్ జోహర్ మొదలైనవారు 2016లోనే తమ పేర్లతోనే కోర్టుకు వచ్చినారు. 2001లో వారి తరఫున ఒక సంస్థ మాట్లాడవలసి వచ్చినది. పదిహేనేండ్లకు వారే మాట్లాడగలిగినారు. ఒక ధర్మసంస్థ సాధించిన విజయానికి ఇంతకన్న మంచి కొలత లేదని మా అభిప్రాయం. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనుకు బదులు మరొకటి చేర్చబడలేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. హైదరాబాదు సంస్థానంలో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఫసలీ 1329న, అనగా 1919లో, ఒక ప్రత్యేక చట్టం చేయబడినది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన నేరజాతుల చట్టమే దానికి ఒరవడి. బాలురను అపహరిస్తారని, అస్వాభావిక నేరాలు చేస్తారని అనుమానించబడిన నపుంసకుల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో వ్రాయవలెనని ఆ చట్టం చెప్పినది. ఆ రిజిస్టరుకు ఎక్కినవారు ఆడవేషంతో వీధిలో కనబడినను, నాట్యం చేసినను వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చును. రెండేండ్ల వరకు జైలు. అదే ముస్లిమ్ నాగరికతలో శతాబ్దాల తరబడి అంతఃపురాలలో ఖ్వాజాసరాలు బాధ్యతగల పదవులలో ఉన్నారు. మదీనాలోని మస్జిదె నబవీలో 'ఆగా'లనబడే నపుంసకులు గౌరవనీయమైన సేవకులుగా ఉన్నారు. కనుక అనుమానపు రిజిస్టరు మన పాత సంప్రదాయమని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు.

నిజాం రాజ్యం పోయినను, రాష్ట్రాల పేర్లు మారినను ఆ చట్టం మాత్రం పుస్తకాలలో నిలిచియే ఉన్నది. 2018లో వైజయంతి వసంత మొగ్లి మరి ఇద్దరితో కలిసి దానిని హైకోర్టులో సవాలు చేసినారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి.భాస్కర్ రెడ్డిలతో కూడిన తెలంగాణ హైకోర్టు ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. విద్యాసంస్థల ప్రవేశాలలోను, ప్రభుత్వోద్యోగాలలోను రిజర్వేషన్లు కల్పించవలెనని, ఆసరా పింఛను వర్తింపజేయవలెనని కూడ ప్రభుత్వాన్ని ఆదేశించినది. నూరేండ్లకు పైబడిన రిజిస్టరు అట్లు మూతబడినది.

శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మన కళ్ళెదుటనే ఉన్నది. 2015లో అక్కడ పట్టా పుచ్చుకొంటున్న ఒక విద్యార్థి తన పేరుకు ముందు స్త్రీ, పురుష భేదం సూచించే బిరుదు వద్దని కోరగా, ఉపకులపతి ఫైజాన్ ముస్తఫా నాయకత్వంలోని విశ్వవిద్యాలయం అంగీకరించి, 'మిక్స్' అని పలికే తటస్థ బిరుదుతో పట్టాను ఇచ్చినది. 2022 మార్చిలో వసతిగృహంలో ఒక అంతస్తును, విద్యాభవనంలో ఒక మరుగుదొడ్డిని ఇట్టి విద్యార్థులకు అనువుగా కేటాయించినట్లు ప్రకటించినది. దీనికి కోట్లు ఖర్చు కాలేదు. ఒక కాగితంపై ఒక మాట, ఒక తలుపుపై ఒక బోర్డు మారినవి.

నగరంలోను మార్పు కనబడుతున్నది. 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ సేవలో చేరినారు. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులకు సహాయకులుగా నియమింపబడినారు. కూడలిలో చేయి చాపిన మనిషే అదే కూడలిలో చేయెత్తి వాహనాలను ఆపగలిగిన రోజు వచ్చినది.

ఐనను సాధించవలసినది చాల ఉన్నది. 2011 లెక్కలలో 'ఇతరులు' అనే గడిలో దేశమంతటా 4,87,803 మంది నమోదు కాగా, నాటి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఉన్నారు. దేశ అక్షరాస్యత దాదాపు 73 శాతం ఉండగా వీరిలో 56 శాతమే. ఈ అంతరం బడిలోనే పుట్టినది. నడకను వెక్కిరించినప్పుడు, గొంతును అనుకరించినప్పుడు, 'కొజ్జా' అని వెనుకనుండి కేక వేసినప్పుడు పిల్లవాడు బడి మానుతాడు. ఆ తరువాత ఇల్లు వదులుతాడు. మేడ్చల్ రహదారిపైనో, దుకాణం ప్రారంభోత్సవంలోనో చప్పట్లు చరచుచు కనబడిన నాడు "వీరికి పని చేసుకొనరాదా?" అని మనమే అడుగుతాము.

మత విశ్వాసం గల మన పాఠకులలో కొందరికి సందేహం కలుగవచ్చును. మత ధర్మం బోధించేది వేరు, రాజ్యం శిక్షించేది వేరు. వడ్డీని మన మతం నిషేధించినది. అంతమాత్రాన వడ్డీ ఇచ్చే బ్యాంకు గుమస్తాను జైలుకు పంపవలెనని మనలో ఎవరూ కోరరు. విశ్వాసం విషయంలో ఎవరి నిర్ణయం వారిది. సాటి మనిషి ఇజ్జత్ విషయంలో మాత్రం రెండు అభిప్రాయాలకు తావు లేదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం మూడు మాటలలో చెప్పగలము. ప్రవేశ దరఖాస్తులో స్త్రీ, పురుషులతో పాటు మూడవ గడి ఉండవలెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2016లో సవరించిన నిబంధనల ప్రకారం ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతోగాని, లైంగిక అభిరుచి కారణంగాగాని విద్యార్థిని వేధించడం ర్యాగింగే అవుతుంది. ఆ సంగతి నోటీసు బోర్డుపై తెలుగులోను, ఉర్దూలోను వ్రాయించవలెను. ఫిర్యాదు చేసిన విద్యార్థి పేరును, అతని విషయాన్ని ఇంటికిగాని, ఇతరులకుగాని తెలియనీయని అధ్యాపకుడొకరు ఉండవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! 2004లో ఢిల్లీలో ఒక సంస్థకు ఎదురైన "నీ కెందుకు?" అన్న ప్రశ్న మీకూ ఎదురుకావచ్చును. తరగతిలో ఒకనిని నలుగురు వెక్కిరించునప్పుడు అయిదవవాడుగా మీరు అడ్డుపడితే తప్పక ఎదురవుతుంది. మైనారిటీ కళాశాలలో చదువుకొన్న వారు దానికి జవాబు వెదకుకొనవలసిన పని లేదు. కొద్దిమంది హక్కు నిలిచిన చోటనే మన కళాశాల నిలిచి ఉన్నది.